అడ్డపొగ

అడ్డపొగ అనగా చుట్టను వెలిగించి, నిప్పు ఉన్న కొనను నోటి లోపల ఉంచుకొని పొగ త్రాగే అలవాటు. మామూలుగా చుట్ట కాల్చేవారు నిప్పు లేని కొనను పెదవుల మధ్య పెట్టుకుంటారు. అడ్డపొగలో ఇది తారుమారవుతుంది. ఆంధ్రప్రదేశ్ ఉత్తర కోస్తా ప్రాంతంలో, అనగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలలోను, తీరం వెంట ఉన్న మత్స్యకార గ్రామాలలోను ఈ అలవాటు ఎక్కువగా కనిపిస్తుంది. పొరుగున ఉన్న ఒడిషా తీర ప్రాంతంలో కూడా ఇది ఉంది.

ఈ అలవాటుకు రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. మొదటిది, దీనిని పాటించేవారిలో పురుషుల కంటె స్త్రీలు ఎక్కువ. భారతదేశం మొత్తం మీద పొగ త్రాగే స్త్రీలు చాలా తక్కువ కనుక ఇది అరుదైన విషయం. రెండవది, ఇతర ప్రాంతాలలో అంతగా కనిపించని అంగిలి క్యాన్సర్‌కు, అడ్డపొగకు దగ్గరి సంబంధం ఉన్నది. ఈ కారణంగా 20వ శతాబ్దపు మధ్యభాగం నుండి ఉత్తరాంధ్ర పల్లెలు ప్రపంచ వైద్య పరిశోధకుల దృష్టిని ఆకర్షించాయి.

స్త్రీలు పొగ త్రాగడం, త్రాగకపోవడం వారి సొంత ఇష్టాయిష్టాల కంటె పని, కూలి, చదువు, కుటుంబ ఆచారం, సంఘంలో స్థానం వంటి పరిస్థితుల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందని చెప్పడానికి అడ్డపొగ ఒక స్పష్టమైన ఉదాహరణ.

పేరు, విధానం

"అడ్డ" అనే మాటకు తెలుగులో తిన్నగా లేనిది, ఎదురుగా ఉన్నది అనే అర్థాలు ఉన్నాయి. అడ్డదారి, అడ్డగోలు వంటి మాటలలో ఈ అర్థాన్ని చూడవచ్చు. తిన్నగా కాకుండా త్రాగే పొగ కనుక ఇది అడ్డపొగ అయినది.

ఎండబెట్టి పదును చేసిన పొగాకును చుట్టి చేసేది చుట్ట. సిగరెట్టుకు ఉన్నట్లు కాగితం గాని, బీడీకి ఉన్నట్లు తునికాకు గాని దీనికి ఉండదు. లోపల ఉండేదీ, పైన చుట్టేదీ కూడా పొగాకే. తమిళంలో దీనిని సురుట్టు అంటారు. చెరూట్ అనే ఇంగ్లీషు మాట ఈ తమిళ పదం నుండి పుట్టినదే.

అడ్డపొగ త్రాగేవారు ముందుగా చుట్టను మామూలు పద్ధతిలోనే వెలిగించి, నిప్పు బాగా అంటుకున్న తరువాత ఆ కొనను నోటిలోకి త్రిప్పుకుంటారు. నిప్పు నాలుకకు, చిగుళ్ళకు తగలకుండా నోటి మధ్యలో ఉంచి పెదవులను మూస్తారు. బయట ఉన్న కొన గుండా గాలి లోపలికి వెళ్ళి నిప్పును ఆరకుండా నిలుపుతుంది. ఉమ్మి వలన చుట్ట తడిసి నెమ్మదిగా కాలుతుంది. బూడిదను ఉమ్మివేస్తారు, కొంత కడుపులోకి కూడా పోతుంది. అలవాటు పడినవారు చుట్ట నోటిలో ఉండగానే రెండు చేతులతో పని చేసుకోగలరు.

చారిత్రక నేపథ్యం

పొగాకు భారతదేశానికి చెందిన మొక్క కాదు. అమెరికా ఖండాల నుండి పోర్చుగీసువారి ద్వారా ఇక్కడకు వచ్చింది. తెలుగు దేశంలో త్వరగానే ప్రధాన వాణిజ్య పంటలలో ఒకటిగా మారింది. గోదావరి నదీ పాయల మధ్య ఉన్న లంకలలో, వరద తెచ్చిన ఒండ్రు మీద పండే లంక పొగాకు చుట్టలకు పేరు పొందింది. తరువాత 1920ల నుండి గుంటూరు ప్రాంతంలో సిగరెట్లకు పనికివచ్చే వర్జీనియా పొగాకు సాగు విస్తరించింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ, 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడ్డాయి.

ఈ రెండు రకాల పొగాకుల దారులు వేరు. వర్జీనియా పొగాకు బారన్లలో పక్వమై, వేలం కేంద్రాల ద్వారా కంపెనీలకు, విదేశాలకు వెళుతుంది. నాటు పొగాకు మాత్రం ఊరి సంతలో విడి ఆకుగా, కట్టలుగా అమ్ముడై, ఇంట్లోనే చుట్టగా మారుతుంది. స్త్రీల అడ్డపొగ ఈ రెండవ దారికి చెందినది.

తెలుగు సాహిత్యంలో చుట్టకు మంచి చోటే దక్కింది. విజయనగరం ప్రాంతపు జీవితాన్ని చిత్రించిన గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కంలో (1897, రెండవ కూర్పు 1909) గిరీశం చుట్టలు కాల్చడమే కాక, శిష్యుడు వెంకటేశానికి కూడా నేర్పుతాడు. అక్కడ చుట్ట మగవాడి షోకుకు, చదువుకున్నవాడి డాబుకు గుర్తు. అదే ప్రాంతంలో పొలం పనికి పోయే స్త్రీ నోటిలోని చుట్టకు అటువంటి హోదా ఏదీ లేదు.

విస్తృతి

1966-67లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధనా విభాగం దేశంలోని ఐదు జిల్లాలలో ఇంటింటి సర్వే జరిపింది. అవి ఎర్నాకుళం (కేరళ), భావనగర్ (గుజరాత్), దర్భంగా, సింగ్‌భూమ్ (అప్పటి బీహార్), శ్రీకాకుళం (ఆంధ్రప్రదేశ్). మొత్తం 50,915 మంది గ్రామీణులను పరీక్షించారు. శ్రీకాకుళం జిల్లాలో పరీక్షించిన 10,169 మందిలో 43.8 శాతం మంది అడ్డపొగ త్రాగేవారని తేలింది. అనగా పెద్దవారిలో ప్రతి ఐదుగురిలో ఇద్దరికి పైగా ఈ అలవాటు ఉన్నది.

ఈ అంకెలను చదివేటప్పుడు అప్పటి జిల్లా హద్దులను గుర్తుంచుకోవాలి. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల భాగాలతో ఏర్పడింది. కనుక 1960ల నాటి శ్రీకాకుళం జిల్లా తరువాతి కాలపు శ్రీకాకుళం జిల్లా కంటె పెద్దది.

పురుషులలో కూడా అడ్డపొగ త్రాగేవారు ఉన్నారు. అయితే చాలామంది పురుషులు చుట్టను మామూలు పద్ధతిలోనే కాలుస్తారు, లేదా బీడీ, సిగరెట్లకు మారుతారు. స్త్రీలలో అడ్డపొగే ప్రధానమైన పద్ధతి.

సామాజిక కారణాలు

తల్లి నుండి కూతురికి

అడ్డపొగ ఇంట్లో నేర్చుకునే అలవాటు. తల్లి, అమ్మమ్మ, అత్త, ఇరుగు పొరుగు స్త్రీలు త్రాగుతుండగా చూసి పిల్లలు నేర్చుకుంటారు. పెద్దవాళ్ళు చుట్ట వెలిగించి తెమ్మని పిల్లలను పంపడం, వెలిగించే క్రమంలో పిల్లలు ఒకటి రెండు దమ్ములు పీల్చడం కూడా అలవాటుకు దారి తీస్తుంది. పెళ్ళి అయి అత్తవారింటికి వచ్చిన తరువాత, అక్కడి స్త్రీలతో కలిసి మొదలుపెట్టేవారు మరికొందరు. ఇందులో ప్రకటనలకు, సినిమాలకు పాత్ర లేదు. నేర్పేది బంధుత్వమే కనుక, మానడం అంటే తోటి స్త్రీలతో కూర్చునే కాసేపటి కాలక్షేపాన్ని కూడా వదులుకోవలసి వస్తుంది.

గౌరవం, వర్గం

తెలుగు సమాజంలో మధ్యతరగతి, సంపన్న కుటుంబాల స్త్రీ సిగరెట్టు కాల్చితే నలుగురూ నిందిస్తారు. కుటుంబ గౌరవం, పెళ్ళి సంబంధాలు, వీధిలో మాట పడడం వంటివి ఆమెను ఆపుతాయి. ఈ ఆంక్ష ఆమె ఆరోగ్యం కోసం పుట్టినది కాకపోయినా, ఫలితంగా పొగాకు ఆమె జోలికి రాలేదు. కూలి పని చేసే స్త్రీ చుట్టకు మాత్రం ఆ నింద వర్తించలేదు. పొలంలో, చేపల రేవులో, సంతలో మగవారితో సమానంగా కష్టపడే స్త్రీ చుట్ట కాల్చడాన్ని ఊరు మామూలు విషయంగానే చూసింది. వయసు మళ్ళిన స్త్రీల విషయంలో ఈ మినహాయింపు ఇంకా ఎక్కువ.

అనగా ఒకే జిల్లాలో, ఒకే భాష మాట్లాడే స్త్రీలలో, పొగ త్రాగడమనేది వర్గాన్ని బట్టి ఒకరికి నిషిద్ధం, మరొకరికి ఆచారం అయింది. ఈ తేడాను చూడకుండా తెలుగు స్త్రీలలో ధూమపానం లేదని గాని, ఉన్నదని గాని చెప్పడం సరికాదు.

నమ్మకాలు

అడ్డపొగ త్రాగేవారు తమ అలవాటుకు చెప్పే కారణాలలో ముఖ్యమైనవి:

* పంటినొప్పి తగ్గుతుందని, నోటి దుర్వాసన పోతుందని
* చలికి, వానకు వెచ్చదనం ఇస్తుందని
* గాలి వీచినా నిప్పు ఆరదని, నిప్పురవ్వలు ఎగిరి బట్టల మీద పడవని
* చుట్ట ఎక్కువసేపు వస్తుందని
* చేతులకు అడ్డు ఉండదని

వీటిలో చివరి మూడు అనుభవం నుండి వచ్చిన మాటలు. సముద్రపు గాలి బలంగా వీచే చోట, చేతినిండా పని ఉన్నవారికి ఇవి నిజమైన సౌకర్యాలే. పంటినొప్పి విషయంలో మాత్రం పొగ నొప్పిని కాసేపు మరిపించి, అసలు వ్యాధిని దాచిపెడుతుంది. దంతవైద్యుడు అందుబాటులో లేని ఊరిలో ఈ తాత్కాలిక ఉపశమనమే వైద్యంగా నిలిచిపోయింది.

ఆర్థిక కారణాలు

పని, విరామం

వరినాట్లు, కలుపుతీత, కోత, చేపలు ఎండబెట్టడం, గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా చేపలు అమ్మడం వంటి పనులలో స్త్రీల శ్రమ ఎక్కువ. పని నుండి వచ్చిన తరువాత వంట, నీళ్ళు, పిల్లల బాధ్యత కూడా వారిదే. ఇటువంటి దినచర్యలో చుట్ట కాల్చే సమయం స్త్రీ తన కోసం తీసుకునే కొద్దిపాటి విరామం. ఊరికే కూర్చుంటే తప్పుపట్టేవారు కూడా చుట్ట కోసం కూర్చుంటే ఏమీ అనరు.

ఆకలి, ధర

పొగాకులోని నికోటిన్ ఆకలిని మందగింపజేస్తుంది. కుటుంబంలో అందరూ తిన్న తరువాత మిగిలినది తినే స్త్రీకి ఇది చిన్న విషయం కాదు. పైగా నాటు పొగాకు చవక. ఆకు కొని ఇంట్లో చుట్టుకుంటే సిగరెట్ల ఖర్చులో చాలా తక్కువ భాగంతో రోజు గడుస్తుంది. అడ్డంగా పెట్టుకుంటే చుట్ట ఇంకా నెమ్మదిగా కాలుతుంది కనుక ఖర్చు మరింత కలిసివస్తుంది. తక్కువ కూలికి ఎక్కువసేపు వచ్చే పొగ అన్నది ఈ పద్ధతి నిలిచి ఉండడానికి ఒక ముఖ్య కారణం.

చదువు

1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 12 శాతం మాత్రమే. 1960ల నాటి సర్వేలో పాల్గొన్న స్త్రీల తరం ఇదే. పొగాకు, క్యాన్సర్‌ల సంబంధం గురించి పత్రికలలో, పుస్తకాలలో వచ్చిన సమాచారం వారికి చేరే మార్గం లేదు.

తయారీ, వినియోగం

పొగాకు పరిశ్రమలో స్త్రీలు పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. తెలంగాణలో నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టేవారిలో అత్యధికులు స్త్రీలే. అయితే ఆ బీడీలను కాల్చేవారిలో ఎక్కువమంది పురుషులు. పొగాకు అందుబాటులో ఉన్నంత మాత్రాన స్త్రీలు పొగ త్రాగుతారని అనుకోవడానికి వీలులేదని దీని వలన తెలుస్తుంది. ఆచారం అనుమతించిన చోటనే చవకదనం, అందుబాటు పనిచేస్తాయి.

ఆరోగ్యంపై ప్రభావం

అడ్డపొగలో పొగ, వేడి రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. ఏళ్ళ తరబడి ఇలా జరగడం వలన అంగిలిలో క్రింది మార్పులు వస్తాయి.

* అంగిలి చర్మం మందమై తెల్లబారడం
* చిన్న చిన్న బుడిపెలు, వాటి మధ్య ఎర్రని చుక్కలు
* తెల్లని మచ్చలు (ల్యూకోప్లేకియా)
* ఎర్రబడిన భాగాలు
* సహజమైన రంగు పోయిన భాగాలు
* పుండ్లు

మామూలు పద్ధతిలో పైపు, చుట్ట కాల్చేవారికి కూడా అంగిలి తెల్లబారుతుంది. అయితే అది సాధారణంగా క్యాన్సర్‌గా మారదు. అడ్డపొగ త్రాగేవారి అంగిలి మార్పులు మాత్రం క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్నవి. అందువలన వైద్యశాస్త్రంలో వీటిని క్యాన్సర్‌కు దారి తీయగల నోటి వ్యాధులలో ప్రత్యేకమైన ఒక రకంగా పేర్కొంటారు.

అంగిలి క్యాన్సర్ మొదట్లో నొప్పి లేని చిన్న మచ్చగానో, మానని పుండుగానో ఉంటుంది. కూలి పోగొట్టుకొని పట్నం ఆసుపత్రికి వెళ్ళడం కష్టం కనుక, చాలామంది వ్యాధి ముదిరిన తరువాతనే వైద్యుని వద్దకు చేరతారు. అప్పటికి అంగిలిలో కొంత భాగాన్ని తొలగించవలసి రావచ్చు. అలా తొలగించినప్పుడు నోటికి, ముక్కుకు మధ్య రంధ్రం ఏర్పడి, తిన్న అన్నం, త్రాగిన నీరు ముక్కులోకి వస్తాయి, మాట ముక్కుతో వస్తుంది. దానిని మూయడానికి దంతవైద్యులు తయారుచేసే కట్టుడు పలకను వాడవలసి ఉంటుంది.

వీటితో పాటు ఊపిరితిత్తుల వ్యాధులు, గుండెజబ్బులు, క్షయ ముదరడం వంటి ధూమపానపు సాధారణ దుష్ఫలితాలు కూడా ఉంటాయి. గర్భిణి పొగ త్రాగితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే అవకాశం ఎక్కువవుతుంది.

పరిశోధనలు

విశాఖపట్నం ప్రాంతంలో అంగిలి క్యాన్సర్ ఎక్కువగా ఉన్నదన్న విషయాన్ని స్థానిక వైద్యులు స్వాతంత్ర్యానికి ముందే గమనించారు. 1945లో ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి. ఆర్. ఖానోల్కర్, బి. సూర్యాబాయి భారతదేశంలో ఆచారాల వలన కలిగే మూడు రకాల క్యాన్సర్లను వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. ధోవతి బిగించి కట్టే చోట నడుము వద్ద వచ్చేది, ఖైనీ పెట్టుకునే చోట పెదవికి వచ్చేది, చుట్టను అడ్డంగా కాల్చేవారికి అంగిలికి వచ్చేది ఆ మూడు రకాలు.

1960లు, 1970లలో విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులు అంగిలి కణజాలంపై వరుసగా పరిశోధనలు చేశారు. శ్రీకాకుళం జిల్లా సర్వే ఫలితాలను డెన్మార్క్‌కు చెందిన దంత శాస్త్రవేత్త జె. జె. పిండ్‌బోర్గ్, ముంబైకి చెందిన ఫాలీ ఎస్. మెహతా, ప్రకాశ్ సి. గుప్తా తదితరులు 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురించారు. 1986లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ పొగాకుపై వెలువరించిన సంపుటంలో కూడా ఈ అలవాటు ప్రస్తావన ఉన్నది.

తరువాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో 36,000 మందికి పైగా పొగాకు వాడేవారిపై నివారణ అధ్యయనం జరిగింది. ఏటా నోటి పరీక్ష చేస్తూ, ముఖాముఖి మాట్లాడుతూ, చలనచిత్రాలు, గోడపత్రికల వంటి సాధనాలతో పొగాకు మానమని ప్రోత్సహించారు. అలవాటు మానినవారిలోను, బాగా తగ్గించినవారిలోను నోటి మచ్చలు తగ్గడం గమనించారు. చదువురాని గ్రామీణులు కూడా సరైన సమాచారం, పలకరింపు ఉంటే పాత అలవాటును మానగలరని ఈ అధ్యయనం చూపింది.

ఇతర దేశాలలో అడ్డపొగ

నిప్పును నోటిలో ఉంచి పొగ త్రాగడం ఉత్తరాంధ్రకే పరిమితం కాదు. దక్షిణ అమెరికాలోని కొలంబియా, వెనెజులా తీర ప్రాంతాలు, పనామా, కరేబియన్ సముద్రంలోని కొన్ని దీవులు, ఫిలిప్పీన్స్, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో కూడా ఈ అలవాటు నమోదైంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ ప్రాంతాలలో ఎక్కువ చోట్ల దీనిని పాటించేవారు స్త్రీలే, అందులోను పేదవారు, వయసు మళ్ళినవారు. ఫిలిప్పీన్స్ స్త్రీలు చెప్పే కారణాలలో బట్టలు ఉతికేటప్పుడు నిప్పు తడవకపోవడం, బిడ్డను ఎత్తుకున్నప్పుడు బూడిద మీద పడకపోవడం ఉన్నాయి. చేతులు ఖాళీ లేని స్త్రీ పొగ త్రాగడానికి వేర్వేరు చోట్ల ఒకే మార్గాన్ని కనుగొన్నదని దీనిని బట్టి భావించవచ్చు.

సిగరెట్టు, స్త్రీలు: పోలిక

అడ్డపొగ ప్రత్యేకతను అర్థం చేసుకోవడానికి పాశ్చాత్య దేశాలలో స్త్రీల ధూమపానం సాగిన తీరుతో పోల్చి చూడడం ఉపయోగకరం.

అమెరికాలో 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో స్త్రీ బహిరంగంగా సిగరెట్టు కాల్చడం తప్పుగా భావించేవారు. ఈ నిషేధాన్ని తొలగిస్తే తమ మార్కెట్టు రెట్టింపవుతుందని సిగరెట్టు కంపెనీలు గ్రహించాయి. 1929 మార్చి 31న, ఈస్టర్ పండుగ నాడు, ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్ అమెరికన్ టొబాకో కంపెనీ తరఫున న్యూయార్క్ వీధిలో యువతులచేత సిగరెట్లు కాల్పించి, వాటిని స్వేచ్ఛా జ్యోతులుగా ప్రచారం చేశాడు. 1968లో స్త్రీల కోసమే ప్రత్యేకంగా వర్జీనియా స్లిమ్స్ అనే సిగరెట్టు వచ్చింది. ఈ విధంగా అక్కడ సిగరెట్టు మొదట నగరంలోని చదువుకున్న, ఆధునిక స్త్రీకి గుర్తుగా ప్రవేశించింది.

1994లో అలన్ లోపెజ్, నీల్ కాలిషా, టపానీ పీహా ఈ పరిణామాన్ని నాలుగు దశలుగా వివరించారు. వారి ప్రకారం ముందుగా పురుషులలో ధూమపానం పెరుగుతుంది, కొన్ని దశాబ్దాల తరువాత స్త్రీలలో పెరుగుతుంది, తరువాత రెండింటిలోను తగ్గుతుంది. తగ్గేటప్పుడు చదువు, ఆదాయం ఉన్నవారు ముందు మానివేస్తారు. చివరకు ఆ అలవాటు పేదవారిలో మిగులుతుంది.

బ్రిటన్‌లో పేద తల్లుల జీవితాలను పరిశీలించిన హిలరీ గ్రాహం 1980లు, 1990లలో చేసిన రచనలలో దీనికి కారణం వివరించింది. డబ్బు లేక, చిన్న పిల్లలతో ఇంట్లో ఉండే స్త్రీకి సిగరెట్టు కాల్చే కాసేపే తనదంటూ మిగిలే సమయమని, అందువలన అన్ని ఖర్చులు తగ్గించుకున్నా ఆ ఖర్చు తగ్గించుకోలేకపోతున్నదని ఆమె గమనించింది. శ్రీకాకుళం పల్లెలోని కూలి స్త్రీ చుట్టకు, బ్రిటన్ నగరంలోని పేద తల్లి సిగరెట్టుకు మధ్య ఉన్న ఈ పోలిక గమనించదగ్గది. వచ్చిన దారులు వేరైనా రెండింటినీ నిలిపినది లేమి, తీరిక లేని శ్రమ.

నాలుగు దశల నమూనా మాత్రం ఉత్తరాంధ్రకు సరిపోదు. ఇక్కడ స్త్రీల పొగ సంపన్నులతో, నగరంతో మొదలుకాలేదు. సిగరెట్టు కంపెనీల ప్రచారానికి దూరంగా, పల్లెలోని పేద స్త్రీలలోనే పుట్టి అక్కడే పెరిగింది.

భారతదేశంలో స్త్రీల పొగాకు వాడకం

ప్రపంచ వయోజన పొగాకు సర్వే (గాట్స్) ప్రకారం భారతదేశంలో 15 ఏళ్ళు, ఆపై వయసువారిలో పొగాకు వాడకం ఈ విధంగా ఉన్నది.

* పొగ త్రాగే స్త్రీలు: 2009-10లో 2.9 శాతం, 2016-17లో 2.0 శాతం
* పొగ త్రాగే పురుషులు: 2009-10లో 24.3 శాతం, 2016-17లో 19.0 శాతం
* పొగ రాని పొగాకు (నమలడం, పళ్ళకు రాయడం మొదలైనవి) వాడే స్త్రీలు: 2009-10లో 18.4 శాతం, 2016-17లో 12.8 శాతం

భారతీయ స్త్రీలలో పొగాకు వాడకం ముఖ్యంగా నమిలే పొగాకు రూపంలో ఉన్నదని ఈ అంకెలు తెలుపుతున్నాయి. దేశం మొత్తపు సగటులో అడ్డపొగ వంటి ప్రాంతీయ అలవాట్లు కనిపించకుండా పోతాయి. స్త్రీలలో ధూమపానం అతి తక్కువ అనే సగటును మాత్రమే చూసి కార్యక్రమాలు రూపొందిస్తే, ఎక్కువగా ఉన్న కొద్ది ప్రాంతాలు మరుగున పడతాయి.

చట్టాలు, వాటి పరిమితులు

భారత ప్రభుత్వం 2003లో సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికను 2004లో ఆమోదించింది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ ప్రదేశాలలో ధూమపాన నిషేధం, 2009 మే 31 నుండి పెట్టెలపై బొమ్మలతో కూడిన హెచ్చరికలు అమలులోకి వచ్చాయి. 2016 ఏప్రిల్ 1 నుండి ఈ హెచ్చరికల పరిమాణాన్ని పెట్టెపై 85 శాతానికి పెంచారు. 2010లో ప్రపంచ పొగాకు వ్యతిరేక దినానికి (మే 31) స్త్రీలు, పొగాకు మార్కెటింగ్ అనే అంశాన్ని తీసుకున్నారు.

ఈ చర్యలు సిగరెట్లను, పెట్టెలలో అమ్మే ఇతర సరుకులను దృష్టిలో ఉంచుకొని చేసినవి. అడ్డపొగ విషయంలో వీటి ప్రభావం తక్కువ. విడి ఆకు కొని ఇంట్లో చుట్టుకునే చుట్టకు పెట్టె లేదు కనుక హెచ్చరిక బొమ్మ లేదు. సిగరెట్టుపై పన్ను పెంచితే చుట్ట ధర పెరగదు. పొలం గట్టున, ఇంటి అరుగు మీద కాల్చే చుట్టకు బహిరంగ ప్రదేశాల నిషేధం చేరదు. ప్రకటనలపై నిషేధానికి కూడా ఇక్కడ పని లేదు. కనుక ఈ స్త్రీలను చేరడానికి మిగిలిన మార్గం గ్రామ స్థాయి ఆరోగ్య కార్యకర్తలు, ఇంటింటి నోటి పరీక్షలు, స్వయం సహాయక సంఘాల వంటి వేదికలు.

చికిత్స విషయంలో కొంత మార్పు వచ్చింది. పేదలకు ఉచితంగా శస్త్రచికిత్సలు, క్యాన్సర్ చికిత్స అందించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదట ప్రారంభమైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఏర్పడింది.

తగ్గుదల

1960ల నాటితో పోల్చితే అడ్డపొగ బాగా తగ్గింది. బడికి వెళ్ళిన ఆడపిల్లలు ఈ అలవాటును చాలావరకు నేర్చుకోలేదు. పల్లెల నుండి విశాఖపట్నం, హైదరాబాద్ వంటి నగరాలకు వలస వెళ్ళిన కుటుంబాలలో తోటి స్త్రీల గుంపు చెదిరిపోవడంతో అలవాటు కూడా తగ్గింది. చదువుకున్న పిల్లలు తల్లి చుట్ట కాల్చడాన్ని నామోషీగా భావించడం మరొక కారణం. అయితే నిందకు భయపడి చాటుగా త్రాగేవారు నోటిలోని మచ్చను కూడా దాచిపెట్టి, వైద్యునికి ఆలస్యంగా చూపించే ప్రమాదం ఉన్నది.

2010ల తరువాత కూడా ఉత్తరాంధ్రలోని దంత వైద్య కళాశాలలకు వచ్చే వయసు మళ్ళిన స్త్రీలలో అడ్డపొగ వలన కలిగిన అంగిలి మార్పులు కనిపిస్తూనే ఉన్నాయి. ఈ మార్పులు రావడానికి, క్యాన్సర్‌గా మారడానికి ఏళ్ళు పడుతుంది కనుక, అలవాటు తగ్గినా దాని ఫలితాలు మరికొంత కాలం కొనసాగుతాయి. ఏళ్ళ తరబడి అడ్డపొగ త్రాగినవారు, మానివేసిన తరువాత కూడా, అంగిలిని దంతవైద్యునిచేత పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* పొగాకు
* చుట్ట
* బీడీ
* ధూమపానం
* నోటి క్యాన్సర్
* శ్రీకాకుళం జిల్లా
* ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం